గురువమ్మ ఇంటి ముందు వాటా

కంచరపాలెంలో రైలుపట్టాల వైపు దిగే సందులోకి వచ్చి గురువమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కాకపోతే చూపించే ముందు మిమ్మల్ని ఎగాదిగా చూసి, "అద్దెకా?" అంటారు. అవునంటే మూతి బిగించి నవ్వుతారు. ఆ నవ్వు ఎందుకో ఇల్లు చూసి వచ్చాక మీకే తెలుస్తుంది.

గురువమ్మకి అనుమానం. ఎవరికి లేదు అనుమానం, మీకు లేదా, నాకు లేదా అంటారేమో. మనకి వచ్చేది చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. ఆవిడ దగ్గర అది కాపురం పెట్టింది. పాలపేకెట్టు చల్లగా ఉంటే నిన్నటిదేమోనని, వెచ్చగా ఉంటే విరిగిపోతుందేమోనని అనుమానం. గ్యాసు బండ తెచ్చినవాడు నవ్వుతూ మాట్లాడితే బండని ఊపి చూస్తుంది. ముందు వాటాలో కుళాయి కాస్త ఎక్కువసేపు పారితే బయటికొచ్చి నిలబడుతుంది. పారకపోతే ఎందుకు పారడం లేదని మళ్లీ వచ్చి నిలబడుతుంది. ఆవిడ భర్త నీలకంఠం రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక రైల్వే ఆసుపత్రిలో పోయాడు. కొడుకు సుమంత్ పరవాడలో మందుల కంపెనీలో ఉద్యోగం, కాపురమూ అక్కడే. ఎప్పుడైనా ఆదివారం వచ్చి చేపల కూర తిని, ఫోను చూసుకుంటూ కాసేపు కూర్చుని వెళ్లిపోతాడు.

ఇల్లు ఒకటే, వాటాలు రెండు. వెనక వాటా గురువమ్మది, ముందుది అద్దెకి. మధ్యన గోడ, పైన ఒకటే కప్పు. ఆ ఒకటే కప్పు వల్లే ఆవిడకి ఒకసారి ప్రాణం మీదికొచ్చింది.

కొన్నేళ్ల కిందట ఒక కుటుంబం దిగింది. ముగ్గురమన్నారు. సామానుతో పాటు నాలుగో మనిషిని, మంచాన పడ్డ ముసలాయన్ని, దుప్పటి కప్పి మరీ తెచ్చారు. నెల తిరగకుండానే ఆయన పోయాడు. పోయినవాడు ఊరికే పోలేదు, చెడ్డ నక్షత్రంలో పోయాడు. పంతులు పంచాంగం తిరగేసి ఇల్లు ఆరునెలలు పాడుపెట్టాలన్నాడు. అంటే తాళం వేసి, దీపం కూడా పెట్టకుండా వదిలేసి పోవాలన్నమాట. అద్దెకున్నవాళ్లకేం, మూటలు కట్టుకుని ఇంకో పేటకి పోయారు. "నా వాటా వేరు కద బాబూ, మద్దెన గోడున్నాది" అని గురువమ్మ పంతుల్ని బతిమాలింది. "కప్పు ఒకటే కదమ్మా" అన్నాడాయన.

ఆరునెలలూ ఆవిడ యారాడలో తమ్ముడింటి అరుగు మీద పడుకుంది. మరదలు ఒక్క మాట అనలేదు. కంచం కింద పెట్టే చప్పుడుతోనే అనవలసినవన్నీ అంది. సొంత ఇల్లు పెట్టుకుని పరాయి పంచన కూడు తినడం ఎంత నామోషీయో అప్పుడు తెలిసింది గురువమ్మకి. తిరిగొచ్చాక కూడా సందులో వాళ్లు ఆ ఇంటిని చావు కొంప అనే అన్నారు. అప్పుడే ఒట్టు పెట్టుకుంది, ఈ కప్పు కింద ఇంకెవరూ చావడానికి వీల్లేదని. చస్తే తనే చావాలి. అప్పటినుంచి అద్దెకొచ్చినవాళ్ల మొహంలో ఆవిడ వెతికేది ఒక్కటే: వీళ్లలో పోయేవాళ్లున్నారా?

ఈ ఎండాకాలం మొదట్లో బ్రోకరు సత్యం ఒక జంటని తీసుకొచ్చాడు.

"పిన్నీ, బంగారం లాటి పార్టీ. స్టీల్‌ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటరు, ఈ నెల్లో రిటైరైపోతన్నారు. ఉక్కునగరంలో కోటరు కాళీ సేసియ్యాల. గోదారి జిల్లావోళ్లు. పేరు భీమశంకరరావు గారు."

భీమశంకరరావు పొడగరి, సన్నగా, రంగు వెలిసిన మనిషి. నమస్కారం పెట్టి గుమ్మం పక్కన నిలబడి కప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. మాట్లాడేదంతా ఆయన భార్య భ్రమరాంబ. పొట్టి మనిషి, నవ్వు మొహం. ఆవిడ వచ్చీ రాగానే చేతిసంచిలోంచి టేపు తీసి తలుపు వెడల్పు కొలిచింది. ఆ తర్వాత స్నానాలగది తలుపు కొలిచింది.

"గురువమ్మ గారండీ, బాత్రూములో గోడకి పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించుకోవచ్చాండీ? మేమే బిగించుకుంటాం. కమోడు కుర్చీలాంటిదేనా, కింద కూర్చునేదా?"

గురువమ్మ చూపు ఆ టేపు మీదే ఉండిపోయింది. తలుపు వెడల్పు ఎందుకు కొలుస్తారు? మంచం పట్టడానికి. ఉత్త మంచమైతే విడగొట్టి తేవచ్చు. విడగొట్టకుండా తేవాలంటే దాని మీద మనిషి ఉండాలి.

"ఎంతమంది ఉంటారేటి?"

"మేమిద్దరమేనండి."

"ఇద్దరేనా? ముసిలోల్లు గట్రా ఎవులూ నేరా?"

"లేరండి. అత్తమామలు ఎప్పుడో పోయారు. మాకు పిల్లల్లేరు."

నాలుగో మనిషి లేడంటే రెండో మనిషి మీదే చూపు పెట్టాలి. భీమశంకరరావు కళ్ల కింద నలుపు. చేతిలో పట్టుకున్న సంచిలోంచి ఆసుపత్రి స్కానింగు కవరు మూల బయటికి కనిపిస్తోంది. పెద్దది, బ్రౌన్ రంగుది. నీలకంఠం చివరి రోజుల్లో అలాంటివి ఇంటినిండా ఉండేవి. గురువమ్మకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

మరి వెంటనే పొమ్మనొచ్చు కదా? అనలేదు. ముందు వాటా చాలాకాలంగా ఖాళీగా ఉంది, అదొకటి. రెండోది, తన అనుమానం నిజమని తేలకుండా వదిలేస్తే ఆవిడకి తిన్నది అరగదు. "మూడం రాకముందు సుక్కురారం పాలు పొంగించుకోండి. అందాకా తాళంసెవి నా కాడే ఉంటాది. పన్లేటున్నా నానున్నప్పుడొచ్చి సేసుకోండి" అని చెప్పింది. భ్రమరాంబ సంతోషంగా ఒప్పుకుంది. అద్దెకొచ్చేవాళ్లు ఇలాంటి షరతుకి సంతోషించడం గురువమ్మ ఎన్నడూ చూడలేదు. దాని మీద ఇంకో అనుమానం వచ్చింది.

అప్పటినుంచి వాళ్లు తరచూ వచ్చేవారు. గురువమ్మ తాళం తీసి, గడపలో పీట వేసుకుని కూర్చునేది. వడ్రంగి సింహాద్రి వంటగదిలో బల్లలు బిగించడానికొచ్చిన రోజున ఆవిడ భీమశంకరరావుని పట్టుకుంది.

"రావుగారూ, పైన టాంకీ కాస్త సూడరేటి. నీల్లు పొల్లిపోతన్నాయి."

నీళ్లేమీ పొర్లడం లేదు. నిచ్చెన ఎక్కిస్తే ఆయాసం బయటపడుతుందని ఆవిడ ఎత్తు. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా చొక్కా చేతులు మడిచి ఎక్కేశాడు. ఎక్కినవాడు తొందరగా దిగలేదు. ఏమైపోయాడోనని గురువమ్మకే ఆయాసం వచ్చింది. దిగి, "ట్యాంకులో నీళ్లు ఆపే బంతి అరిగిపోయిందండి, ఇవాళో రేపో నిజంగానే పొర్లేది. కట్టాను, కొత్తది తెచ్చి వేస్తాను" అన్నాడు. చెమట తప్ప ఆయాసం లేదు. గురువమ్మకి తిక్క రేగింది. రోగం లేనివాడికి స్కానింగు కవరెందుకు?

వంటగదిలో ఇంకో విడ్డూరం జరుగుతోంది. భ్రమరాంబ భర్తని గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి ముందుకి చాపించి, అక్కడ పెన్సిలుతో గీత పెట్టింది.

"ఇక్కడ బిగించు బాబూ."

సింహాద్రి నవ్వాడు. "అమ్మా, నీకందదు కదమ్మా అది. ముక్కాలిపీటేసుకున్నా అందదు."

"ఆయనకి అందుతుంది కదా."

"వొండీది నువ్వా, ఆయనా?"

భ్రమరాంబ బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది. కొంగుతో తుడుచుకుని, "ఎండండీ" అంది. గురువమ్మ ఊఁ అంది కానీ చూడలేదు. ఆవిడ కళ్లు భీమశంకరరావు కాళ్లకి వాపేమైనా ఉందా అని వెతుకుతున్నాయి.

సాయంత్రాలు భ్రమరాంబ భర్తని వెంటబెట్టుకుని సందంతా తిప్పేది. కిరాణా కొట్టు, పాలబూతు, కూరల బండి, మందుల షాపు. ప్రతిచోటా ఆగి, "ఈయనండీ మావారు, చూసుకోండి" అని పరిచయం. కొత్తగా బడిలో చేర్చిన పిల్లాడిని పంతుళ్లకి చూపించినట్టు చూపించేది. గురువమ్మ కొత్తిమీర కొనే వంకన వెనకే వెళ్లి అంతా విన్నది. తను ఉండగా ఈయన్ని ఎందుకు చూసుకోమంటోంది? అప్పజెబుతోందా ఏమిటి?

ఇక లాభం లేదనుకుంది. అద్దెకొచ్చేవాళ్ల అసలు రంగు చూడాలంటే వాళ్లు వదిలే ఇంట్లో చూడాలి, వచ్చే ఇంట్లో కాదు. మర్నాడు ములక్కాడలు కట్టగా కట్టుకుని, గాజువాక మీదుగా సిటీ బస్సులో కూర్మన్నపాలెం దాకా వెళ్లి, అక్కడినుంచి ఆటోలో ఉక్కునగరం సెక్టార్లలోకి దిగింది. వెడల్పు రోడ్లు, నీడ చెట్లు, ఒకేలాంటి క్వార్టర్లు. ఇంత నిశ్శబ్దంగా ఉన్న చోట జనం ఎలా బతుకుతారో, ఏం దాచుకుంటారో అనుకుంది.

భ్రమరాంబ ఇంట్లో లేదు. ఆసుపత్రికి వెళ్లిందట. పక్క క్వార్టరు చంద్రిక తలుపు తీసి, నీళ్లిచ్చి కూర్చోబెట్టింది. ఆమె కట్టుకున్నది పట్టుచీర కాదు గానీ కుర్చీ మీద రెండు పట్టుచీరలు మడిచి ఉన్నాయి.

"భ్రమరాంబ ఆంటీ ఇచ్చారండి. వద్దన్నా వినలేదు. మా లైనులో అందరికీ ఇచ్చేశారు. కొత్తిల్లు ఇరుకట కదా."

"ఇరుకేటి? రెండు బీరువాలు పట్టీ గది!" గురువమ్మకి కోపమొచ్చింది. "మొగుడి బట్టలు కూడా ఇచ్చీసినాదేటి?"

"అబ్బే, అంకుల్‌వి అన్నీ సర్దేశారండి. స్వెటర్తో సహా. రైలుపెట్టె నిండా."

అప్పుడు గోడవతలినుంచి మాడు వాసన వచ్చింది. చంద్రిక నవ్వింది.

"అంకులేనండి. వంట నేర్చుకుంటున్నారు. ఆంటీ పీట వేసుకుని కూర్చుని చెప్తారు, ఆయన చేస్తారు. పోపు మాడితే మళ్లీ మొదటినుంచీ చేయిస్తారు. ఇన్నేళ్లూ గ్లాసు నీళ్లు ముంచుకుని తాగి ఎరగరు పాపం. ఈమధ్య పప్పుచారు బాగానే కుదురుతోందట."

కిటికీలోంచి గురువమ్మ తొంగి చూసింది. భీమశంకరరావు లుంగీ ఎగ్గట్టి, మాడిన మూకుడు సింకులో పెట్టి పీచుతో తోముతున్నాడు. తోముతూ తోముతూ ఆగిపోయి, కుళాయి అలాగే పారుతుండగా గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. ఎంతసేపైనా కదల్లేదు. ఆవిడ అక్కడినుంచి తప్పుకుంది.

తిరుగు బస్సులో గురువమ్మ బుర్ర గిరగిరా తిరిగింది. చీరలన్నీ పంచేసింది. మొగుడికి వంట నేర్పింది. బల్లలు వాడి ఎత్తుకి కొట్టించింది. సందులో అందరికీ వాడిని అప్పజెప్పింది. తెలిసిపోయింది! ఈ మనిషి మొగుణ్ణి తన కొంపలో దింపేసి ఎటో వెళ్లిపోతుంది. ఈ వయసులో ఏం పోయేకాలమో! రిటైరయ్యేదాకా ఆగి, వంట నేర్పి మరీ వదిలేస్తోంది. ఆ మనిషి బెంగతో మంచం పట్టి, తన కప్పు కిందే పోతాడు. చెడ్డ నక్షత్రమే చూసుకుని పోతాడు, తన రాత అలాంటిది. బస్సు ఎన్ఏడీ జంక్షన్‌కి వచ్చేసరికి ఆవిడ మనసులో భ్రమరాంబని జుట్టు పట్టుకుని రెండుసార్లు బయటికి ఈడ్చేసింది కూడా.

మర్నాడు భ్రమరాంబ ఒక్కతే వచ్చింది. పాలు పొంగించే ముందు ఇల్లు కడగడానికి పసుపు, బకెట్టు, కొత్త చీపురు తెచ్చుకుంది. గురువమ్మ తాళం తీసింది కానీ పీట వేసుకోలేదు. కొంగు బొడ్లో దోపుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిన్న మీ కోటరుకెల్నాను."

"చంద్రిక చెప్పిందండి. ములక్కాడలు బాగున్నాయి. నేనుంటే బాగుండేది."

"నువ్వు నేకపోతేనే బాగా కనిపించినాది. సీరలన్నీ పంచీసినావు. మొగుడి పెట్టి సర్దినావు, నీ పెట్టి నేదు. మొగుణ్ణి నా కొంపలో వొదిలీసి ఎక్కడికెల్తన్నావు? నిజం సెప్పు. ఎవుడున్నాడు?"

భ్రమరాంబ ముందు తెల్లబోయింది. తర్వాత నవ్వింది. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా జారి, ఆవిడ నేల మీద చతికిలబడింది. అప్పుడు గురువమ్మ మొట్టమొదటిసారి ఆ మనిషిని చూసింది. ఇన్ని రోజులూ ఆవిడ చూసింది పక్కనున్నవాణ్ణి. భ్రమరాంబ గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి. జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి. కళ్లలో పసుపు, చేతికంటిన పసుపు కాదది.

"ఎవరూ లేరండీ, నాకు కడుపులో జబ్బు. లివరు దాకా వెళ్లిపోయింది. వానలు చూస్తానేమో గానీ చలికాలం చూడనన్నారు డాక్టర్లు. అదేనండి నేను వెళ్లే చోటు."

సందులోంచి ఎవరిదో స్కూటరు హారను వినిపించి పోయింది. గురువమ్మకి జాలి ముందు రాలేదు, అబద్ధం చెప్పడమెందుకు. ముందు వచ్చింది ఒళ్లు మండే కోపం.

"మోసం సేసినావు! ఎవులూ నేరని, ఇద్దరవేనని సెప్పి, నా కొంపలో సావడానికొత్తన్నావు!"

"లేదండి! మీ ఇంట్లో పోను." భ్రమరాంబ గబగబా అంది. "మీ సంగతి సత్యం చెప్పాడు. యారాడ సంగతీ చెప్పాడు. రేపోమాపో అనిపించగానే తణుకులో మా అన్నయ్య ఇంటికి వెళ్లిపోతాను. మాట్లాడుకున్నాను. మీ కప్పుకి ఏ దోషం రానివ్వను, ఒట్టు. ముందే చెప్తే ఇల్లెవరిస్తారండీ? చెప్పిన మూడు చోట్లా ఇవ్వలేదు."

"అయితే నా కొంపే దొరికినాదేటి నీకు?"

"వెతుక్కుని వచ్చానండి."

గురువమ్మకి అర్థం కాలేదు.

"సత్యాన్ని నేనే అడిగాను. ఇంటివాళ్లు ఎలాంటివాళ్లని. ఒకళ్లు మంచివాళ్లన్నాడు, ఏమీ పట్టించుకోరన్నాడు. వద్దన్నాను. మీ పేరు చెప్పి, ఆవిడకి మహా అనుమానమమ్మా, కుళాయి పారినా వస్తుంది, పారకపోయినా వస్తుంది, ఎవరూ నెగ్గలేరన్నాడు. ఆ ఇల్లే చూపించమన్నాను." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఆయన మాట్లాడే మనిషి కాదండి. నొప్పొచ్చినా చెప్పరు, ఆకలేసినా చెప్పరు. నేను పోయాక ఒకరోజు పొద్దున్న ఆయన తలుపు తియ్యకపోతే, ఎందుకు తియ్యలేదని ఎవరికో ఒకరికి అనుమానం రావాలి కదండీ. మంచివాళ్లకి రాదు. పడుకున్నారేమోలే అనుకుంటారు."

గురువమ్మ బొడ్లో దోపిన కొంగు ఊడదీసింది.

"క్రేన్లో ఏదైనా బరువు ఎత్తేముందు వాళ్లు జానెడు ఎత్తి ఆపుతారటండి. గొలుసు ఆగుతుందా, బరువు ఒరుగుతుందా అని చూసుకుని, నిలిచిందంటేనే పైకి లేపుతారట. నేనూ అంతేనండి. నేనుండగానే జానెడు ఎత్తి చూసుకుంటున్నాను. వంట నిలిచింది. కూరల బేరం కాస్త ఒరుగుతోంది. ఇల్లొకటి నిలబెడితే చాలు."

"ఆయనకి తెల్సా?"

"తెలుసు. తెలిసినట్టు మాట్లాడరు. నేనూ మాట్లాడించను."

గురువమ్మ వంగి బకెట్టు తీసి బయట పెట్టింది. చీపురూ బయట పెట్టింది. "నానాలోసించుకోవాల. ముందు నువ్వెల్లు" అంది. భ్రమరాంబ బతిమాలలేదు. లేవడానికి గోడ పట్టుకుంది, తన కోసం కాని ఆ ఇంటి గోడని. గురువమ్మ చెయ్యి ఇవ్వలేదు. ఇవ్వనందుకు ఆ రోజంతా తనని తాను తిట్టుకుంది.

ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. జన్మంతా ఈ అనుమానం కోసం తిట్లు తిన్న మనిషి ఆవిడ. నీలకంఠం తిట్టేవాడు, కోడలు ఇంటికి రావడం మానేసింది, సందులో పిల్లలు వెక్కిరిస్తారు. ఇన్నాళ్లకి ఒక మనిషి అదే కావాలని వెతుక్కుంటూ వచ్చింది. అది మెచ్చుకోలో, తన కొంపకి ఎసరో తేల్చుకోలేక మధ్యగోడ దగ్గర కూర్చుండిపోయింది. ఆ అరుగు, ఆ కంచం చప్పుడు గుర్తొచ్చాయి. వద్దు అనుకుంది. వద్దనుకున్న ప్రతిసారీ, కుళాయి పారుతుంటే గోడకి నుదురు ఆనించి నిలబడ్డ ఆ మనిషి కళ్లముందుకొచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే ఆటో వచ్చి ఆగింది. భ్రమరాంబ చేతిలో దేవుడి పటం, భీమశంకరరావు చేతిలో కొత్త గిన్నె, పాలు. సత్యం పొయ్యి మోసుకొచ్చాడు. ముందు వాటాకి తాళం వేసే ఉంది. గురువమ్మ తలుపు మూసి ఉంది.

"పిన్నీ! ఏటి పిన్నీ, దుర్ముహూర్తం వొచ్చేత్తంది!" సత్యం తలుపు కొట్టాడు.

భ్రమరాంబ పటాన్ని ఇంకాస్త దగ్గరికి పట్టుకుంది. ఇల్లు పోయిందనే అనుకుంది పాపం. భర్త వంక చూడకుండా ఆటో వంక చూసింది.

గురువమ్మ తలుపు తీసుకుని వచ్చింది. తలంటుకుని ఉతికిన చీర కట్టుకుంది. మొహం మాత్రం ఎప్పటిలాగే చిటపటలాడుతోంది. భ్రమరాంబని దాటి తిన్నగా భీమశంకరరావు ముందుకెళ్లి నిలబడింది.

"రావుగారూ, మీ ఇంట్లో పొద్దున్నే తలుపెవులు తీత్తారు?"

"తనేనండి. రోజూ తనే..."

"ఇక్కడ మీరే తియ్యాల. రేపట్నుంచే. పాలోడొచ్చేతలికి తలుపు తీసుండాల. తియ్యకపోతే నాను కేకేత్తాను. పలక్కపోతే సింహాద్రిని పిలిసి తలుపూడదీయించీత్తాను, తరవాత నన్నేటీ అనకూడదు. నాకు సెప్పకుండా ఊరెల్లకూడదు. గిన్ని మాడితే ఏటి మాడినాదో వొచ్చి అడుగుతాను, సెప్పాల. ఒంట్లో బాగోకపోతే దాసకూడదు. దాసినా నాకు తెలిసిపోద్ది. ఇట్టమైతే సెప్పండి, నేకపోతే నేదు."

సత్యం నోరు తెరిచాడు. ఇల్లు అద్దెకిస్తూ ఇలాంటి షరతులు పెట్టినవాళ్లని అతను చూడలేదు. భీమశంకరరావు భార్య వంక చూశాడు. ఈ ఇంటావిడకి సంగతంతా తెలుసని ఆయనకి అర్థమైంది. కళ్లనిండా నీళ్లతో, "అలాగేనండి" అన్నాడు.

గురువమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. అప్పుడు భ్రమరాంబ వైపు తిరిగింది.

"నువ్వు మీ అన్నయ్యింటికెల్లీది నేదు."

"అది కాదండీ, నక్షత్రం..."

"పరాయోల్ల పంచన మెతుకెలగ దిగుతాదో నీకు తెల్దు, నాకు తెల్సు. మొగుడిక్కడుంటే నువ్వక్కడెందుకు? నచ్చత్రం సంగతి వొచ్చినప్పుడు నాను సూసుకుంటాను. నోర్మూసుకుని కుడికాలు పెట్టు."

భ్రమరాంబ ఏడ్చేసింది. ఇన్నాళ్లూ నవ్వుతూ కొలతలు తీసిన మనిషి, దేవుడి పటం గుండెకి ఆనించుకుని, సందంతా చూస్తుండగా పసిపిల్లలా ఏడ్చింది. గురువమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిపించింది. ఈసారి వదల్లేదు.

భీమశంకరరావు తాళం తీశాడు. తీసి, లోపలికి వెళ్లబోయి ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"మరి మీరెప్పుడు తీస్తారండీ?"

"ఏటి?"

"మీ తలుపండి. పొద్దున్న ఎప్పుడు తీస్తారు? తెలిస్తే నేనూ చూసుకుంటాను కదండీ."

ఎందుకడుగుతున్నాడా అని అనుమానపడదామనుకుంది గురువమ్మ. పడలేకపోయింది. నీలకంఠం పోయాక ఇన్నేళ్లలో ఆ మాట ఆవిడని ఎవరూ అడగలేదు, కన్నకొడుకుతో సహా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది.

"ఎలుగు రాగానే తీసీత్తాను బాబూ" అంది. "పాలు పొంగించండి, టైమైపోతంది."